లక్ష ఎకరాల ఒప్పుకోలు

1942లో నిజాం ప్రభుత్వం నల్లమలలోని మా అమ్రాబాద్ అడవిలో సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం విడిగా ఉంచింది. దానికి చెంచు రిజర్వు అని పేరు. అచ్చంపేట చరిత్ర రాసేవాళ్లు ఉమామహేశ్వరం గురించి రాస్తారు, మన్ననూరు దగ్గరి ప్రతాపరుద్రుని కోట గురించి రాస్తారు, ఫరహాబాద్‌లో నిజాం షికారు ముచ్చట్లు చెప్తారు. ఈ లక్ష ఎకరాల సంగతి దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేస్తారు. నా మట్టుకు ఈ తాలూకా గతంలో ఇంతకన్నా తెలుసుకోదగ్గ ఘట్టం లేదు. అడవి బతకాలంటే మనుషుల్ని బయటికి పంపాల్సిందేనని అధికారులంతా నమ్మిన కాలం అది. లోపలివాళ్లను లోపలే ఉండనిద్దామన్న మాటకు ఆ అధికారుల చేతనే సంతకం పెట్టించగలిగిన మనిషి ఒకడున్నాడు.

నేను అటవీశాఖలో కింది మెట్టున చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. నా సర్వీసులో ఎక్కువ కాలం ఈ కొండల మీదే గడిచింది. అందుకని ఈ కథను నేను చెంచుల వైపు నుంచే కాదు, బల్లకు అవతల కూర్చున్నవాళ్ల వైపు నుంచి కూడా చూడగలనని నమ్మకం. వాళ్లను దుర్మార్గులుగా చూపిస్తే ఈ కథకు బలం ఉండదు.

శాఖకు అడవి అంటే లెక్క. ఫలానా కంపార్ట్‌మెంటులో ఇంత టేకు, ఇంత వెదురు, ఇన్ని టన్నుల తునికాకు. రిజర్వు అడవి అని గీత గీశాక, అందులో ఎవరి హక్కూ కాగితం మీద రాసి లేకపోతే అదంతా సర్కారుదే. చెంచు పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు, పట్టాలు లేవు, శిస్తు లేదు, పటేల్ పట్వారీ దఫ్తర్లలో వాళ్ల పేర్లు లేవు. కాగితం ప్రకారం చూస్తే ఆ కొండ మీద ఎవరూ లేరు! కాగితం పక్కనపెట్టి చూసే అధికారికి కూడా కొన్ని అనుమానాలు ఉండేవి. తేనె కోసం పొగ పెడతారు, నిప్పు వాళ్లవల్లే పుడుతుంది. జంతువుల్ని కొడతారు. కూలికి పిలిస్తే ఇవాళ వస్తారు, రేపు కనపడరు. నేను ఉద్యోగంలో చేరేనాటికి కూడా పాత గార్డుల నోట ఇవే మాటలు వినపడేవి. ఇవి పూర్తిగా అబద్ధాలు కావు. తేనెకు పొగ పెట్టడం నిజమే, విల్లంబులు పట్టడం నిజమే. ఆ నిజాలనుంచి తేల్చే తీర్పు దగ్గరే తిరకాసంతా.

ఇంతటి నమ్మకాన్ని కదిలించడానికి వచ్చినవాడికి ఇక్కడ ఏ అధికారమూ లేదు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. 1936, 37లలో ఈశాన్యాన కోన్యాక్ నాగుల మధ్య ఉండి పుస్తకం రాశాడు. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో అతని చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. 1939లో భార్య బెట్టీతో కలిసి మళ్లీ ఇండియాకు వచ్చాడు. అంతలో యుద్ధం మొదలైంది. బ్రిటిష్ వాళ్ల లెక్కలో అతను శత్రుదేశపు మనిషి. నిర్బంధ శిబిరంలో పడాల్సినవాడు హైదరాబాద్ రాజ్యంలో పనిచేసుకోగలిగాడంటే, రెవెన్యూ వ్యవహారాలు చూసే ఐసీఎస్ అధికారి థియోడర్ టాస్కర్ లాంటి పెద్దల అండ ఉండబట్టే. ఊరు దాటాలంటే అనుమతి కావలసిన మనిషి, అక్కడి సర్కారు పద్ధతి మారాలని చెప్పబోతున్నాడు.

అతనికి పుష్కలంగా దొరికింది ఒక్కటే, సమయం. 1940లో అమ్రాబాద్ ఎక్కాడు. ఈ కొండ రెండంతస్తులు. దిగువన అమ్రాబాద్, పదర వైపు చేన్లు, చెరువులు, ఊళ్లు. పైది అప్పర్ ప్లాటో, కృష్ణ లోయ అంచుదాకా ఒకటే అడవి. అప్పాపూర్, రాంపూర్, బౌరాపూర్ లాంటి పెంటలు అక్కడే. ఆయన క్యాంపు వేసింది కచేరీ ఉన్న ఊళ్లలో కాదు, పెంటల పక్కన. పెంట కదిలితే క్యాంపూ కదిలింది.

ఆ రోజుల్లో అప్పర్ ప్లాటో చెంచుల బతుకు ఎలా ఉండేదో 1943లో లండన్‌లో మాక్మిలన్ అచ్చేసిన ఆయన పుస్తకంలో ఉంది. ఇనుప మొన తొడిగిన గడ్డపారకట్టెతో ఆడా మగా పొద్దున్నే బయలుదేరి గడ్డలు తవ్వుకోవడం, ఎండాకాలం ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టుకోవడం, వానలు పడితే ఒకచోట, నీళ్లు ఇంకిపోతే ఇంకోచోట గుడిసెలు వేసుకోవడం. పోడు పెద్దగా కొట్టేవాళ్లు కాదు. గుడిసె పక్కన కాస్త జొన్నో మక్కజొన్నో. పశువులు బహు తక్కువ. కృష్ణ అంచున కొండచరియల మీది తేనె కోసం తాడు కట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిదే కావాలన్న కట్టడి నా కాలం దాకా కూడా ఉంది. అక్కను విధవరాలిని చేసుకోడు కదా అని ఒక పెద్దాయన నాతో అన్నాడు.

ఇవన్నీ చదివి అబ్బురపడే సంగతులు. నా లెక్కలో వాటికన్నా పెద్ద సంగతి వేరే ఉంది. ఒక్కో పెంట గుంపుకు ఒక్కో హద్దు ఉందని, ఏ వాగు దాకా ఎవరిది, ఏ గుట్ట ఎవరిది అన్నది తాతలనాటి నుంచి వస్తోందని ఆయన రాసిపెట్టాడు. సర్కారు కాగితంలో ఖాళీగా ఉన్న చోటు, చెంచుల నోట్లో అంగుళం అంగుళం పంచుకుని ఉంది. ఒకరి హద్దులోకి ఇంకొకరు వస్తే చుట్టరికంతో వస్తారు, చెప్పి వస్తారు. అటవీశాఖ గీసిన కంపార్ట్‌మెంట్ల కన్నా పాతవైన కంపార్ట్‌మెంట్లు ఆ కొండ మీద ఉన్నాయన్నమాట. అడవిలో మనిషి ఉండడం అరాచకం కాదు, అదీ ఒక కట్టుబాటే అని చూపించడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

కృష్ణ అవతల కర్నూలు చెంచుల దగ్గరికీ వెళ్లాడాయన. అక్కడ మద్రాసు ప్రభుత్వం చాలా ఏళ్లుగా చెంచులను 'బాగుచేస్తోంది'. ఒకచోట కూర్చోబెట్టింది, కాపలా పెట్టింది, బడి పెట్టింది. అంత శ్రద్ధ పెట్టినా అటువైపు చెంచుల్లో తగాదాలు, నేరాలు ఇటువైపు కన్నా ఎక్కువే అని ఆయన గమనించాడు. పై అధికారికి ఇది ఎలా వినిపించి ఉంటుందో నేను ఊహించగలను. కొత్త ఆలోచన మంచిదని చెప్తే ఏ పెద్ద అధికారీ వెంటనే నమ్మడు. పాత దారిలోనే ముందుకు పోతే ఏమవుతుందో ఏటి అవతల కనపడుతోందంటే మాత్రం ఒకసారి తలెత్తి చూస్తాడు.

ఆయన అడిగింది కూడా జాగ్రత్తగా అడిగాడు. మొత్తం నల్లమలను వదిలేయమనలేదు. శాఖను కొండ దిగిపొమ్మనలేదు. అప్పర్ ప్లాటోలో ఇంత మేర హద్దు కట్టండి, అందులో చెంచుల తిరుగుడుకు, ఏరుకోవడానికి అడ్డు పెట్టకండి, బయటి గుత్తేదారులను దూరంగా ఉంచండి అన్నాడు. శాఖవాళ్లకు బాగా తెలిసిన పద్ధతిలోనే, హద్దులున్న ఒక రిజర్వు రూపంలోనే తన మాటను పెట్టాడు. అడవిని కాపాడాలన్న వాళ్ల పట్టుదలను ఆయన తప్పుబట్టలేదు. ఆ అడవికి చేటు ఎవరివల్ల వస్తోందన్న ప్రశ్నను మాత్రం మార్చాడు. ఎండాకాలం మైదానం నుంచి మందలు మందలుగా పశువులు ఈ కొండ ఎక్కేవి. ఇవాళ దేశవాళీ జాతిగా గుర్తింపు పొందిన మన అమ్రాబాద్ పొడ తూర్పు పశువులకు కూడా ఈ అడవే పుట్టిల్లు. గుత్తేదారుల గొడ్డళ్లు వేరే. వీటన్నిటి పక్కన పెట్టి చూస్తే గడ్డపారకట్టెతో నూలగడ్డ తవ్వుకునే మనిషివల్ల అడవికి వచ్చే నష్టమెంత? మందలను మేపుకునే గొల్లలనూ లంబాడాలనూ ఇక్కడ దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్ల కష్టం వాళ్లది. అనుమానం మాత్రం ఎప్పుడూ అందరికన్నా బలహీనుడి మీదికే పోయేది, అది నిజం.

కాలం కూడా ఆయనకు కలిసొచ్చింది, ఎంతో విషాదంగా. 1940లో ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన అనుచరులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అడవి గురించి, భూమి గురించి గోండులు మొత్తుకున్నది ఎవరూ వినకపోతే ఏం జరుగుతుందో హైదరాబాద్ కచేరీలకు ఆ ఏడాది తెలిసొచ్చింది. జల్, జంగల్, జమీన్ అన్న ఆ పోరాటం జరగకపోయి ఉంటే అమ్రాబాద్ నుంచి వచ్చిన నివేదిక ఏ బీరువాలో ఉండేదో చెప్పలేం. హైమండార్ఫ్ గొప్పతనం చెప్పేటప్పుడు చాలామంది ఈ ముక్క వదిలేస్తారు. వదిలేయకూడదు. మర్యాదగా రాసిన నివేదికకు కచేరీలో చోటు దొరికిందంటే దాని వెనుక అడవిలో పడ్డ ప్రాణాలున్నాయి.

తరువాత రెవెన్యూ, పోలీసు శాఖలు చూసేందుకు హైదరాబాద్ వచ్చిన విల్ఫ్రిడ్ గ్రిగ్సన్ సంగతి వేరు. ఆయనకు నచ్చజెప్పాల్సిన పని సగం ముందే అయిపోయింది. 1927 నుంచి 31 దాకా బస్తర్ సంస్థానంలో పాలనాధికారిగా పనిచేసి, అక్కడి మరియా గోండుల మీద 1938లో పుస్తకం రాసినవాడు. అడవి మనిషిని కళ్లతో చూసిన అధికారి. ఆయన హయాంలోనే ఆదిలాబాద్ మార్లవాయిలో గోండి భాషలో చదువు చెప్పే కేంద్రం 1943లో మొదలైంది. హైమండార్ఫ్ తరువాత నిజాం ప్రభుత్వానికి ఆదివాసుల విషయాల్లో సలహాదారు అయ్యాడు. సేతు మాధవరావు పగడీ లాంటి హైదరాబాద్ సివిల్ సర్వీసు అధికారి గోండి నేర్చుకుని ఆదిలాబాద్‌లో పనిచేశాడు. ఒక పెద్ద అధికారి ఒప్పుకుంటే ఇన్ని తలుపులు తెరుచుకుంటాయి. చెంచు రిజర్వు వాటిలో మొదటి వరుసలోది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. హైమండార్ఫ్ పనిలోని కిటుకు నాకు పుస్తకం చదివితే తెలియలేదు, ఒక వేసవిలో తెలిసింది.

ఫాల్గుణం దాటితే నల్లమలలో మా పని అంతా నిప్పుతోనే. తునికి కొమ్మ కొట్టుడు, ఇప్పపువ్వు ఏరుడు, యాత్రికులు పారేసిన బీడీ ముక్కలు, ఏ మూల ఏది అంటుకుంటుందో తెలియదు. ఫైర్ లైన్లు గీస్తాం, వాచర్లను పెడతాం. వాచర్లను కంపార్ట్‌మెంటు నంబరు ప్రకారం వేయడం పద్ధతి. అట్లా కాకుండా పెంట హద్దుల ప్రకారం వేసి, ఆ హద్దు చెంచులకే అప్పజెబుదామని నేను అన్నాను. మా పై అధికారి వేరే జిల్లా నుంచి వచ్చినవాడు. నిక్కచ్చి మనిషి, పైసా ముట్టేవాడు కాదు, అడవంటే ప్రాణం. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపాడు. "ఇప్పచెట్టు కింద ఆకు కాలబెట్టేది వాళ్లే. కాపలా కూడా వాళ్లకే ఇస్తే ఎట్లా?" అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

నేను వాదించలేదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఆయన్ని ఒక పెంటకు తీసుకుపోయాను. ఒక ముసలాయన, ఆయన కోడలు చెట్టు కింద ఆకులన్నీ కొమ్మతో ఊడ్చి నడుమకు కుప్ప చేశారు. చుట్టూ మట్టి తేలేదాకా ఊడ్చారు. మంచు తడి ఆరకముందే ఆ కుప్పను కాల్చి, చల్లారేదాకా పక్కనే కూర్చున్నారు. మా సారు చాలాసేపు చూసి అడిగాడు.

"తాతా, మరి అడవి ఎందుకు కాలుతుంది?"

"చెట్టు మాది సారూ. ఇది కాలితే పైయేడు మేమేం తినాలె? బయటికెల్లి వచ్చినోనికి చెట్టుతోని ఏం పని? పువ్వుతోనే పని. అంటుబెట్టి పోతడు."

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆయన ఏమీ మాట్లాడలేదు. క్యాంపుకు చేరాక మ్యాపు తెప్పించి బల్ల మీద పరిచాడు. పెన్సిల్ నా చేతికిచ్చి, "పెంటల హద్దులు వేయండి, ఈ ఒక్క సీజనుకు చూద్దాం" అన్నాడు. ఆ పెన్సిల్ గీతలు నాకు ఒక్కడికి తెలిసినవి కావు. ముసలాయన్ని కూర్చోబెట్టుకుని, వాగు పేరు, గుట్ట పేరు చెప్తుంటే వేసినవి. ఆ వేసవిలో మంటలు రాలేదని చెప్పను, వచ్చాయి. కానీ పొగ లేచిన గంటలోపే కబురు అందింది. మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పేవాడు. అది అంతకుముందు లేదు. తరువాత ఆయన బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన మళ్లీ నంబర్ల ప్రకారమే వేశాడు. ఆయనది తప్పని నేను అనను. ఆ పెన్సిల్ మ్యాపు ఫైలులోకి ఎక్కలేదు, ఉత్తర్వు కాలేదు.

పెద్ద అధికారి ఒప్పుకోలు ఆయన కుర్చీ ఉన్నంతకాలమే బతుకుతుంది. 1942 నాటి రిజర్వుకూ ఈ గండమే వచ్చింది. నిజాం పాలన పోయింది, గ్రిగ్సన్ 1948లో పాకిస్తాన్‌లో విమాన ప్రమాదంలో చనిపోయాడు, హైమండార్ఫ్ లండన్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. నేను సర్వీసులో చేరేనాటికి చెంచు రిజర్వు అన్న మాట మా ఆఫీసుల్లో వాడుకలో లేదు. 1978లో ఈ అడవి వన్యప్రాణి అభయారణ్యం అయింది, 1983లో పులుల రిజర్వు అయింది. రాష్ట్ర విభజన తరువాత మన వైపుది అమ్రాబాద్ టైగర్ రిజర్వు, 2,611 చదరపు కిలోమీటర్లు. హద్దులు గీసిన ప్రతిసారీ లోపల ఎవరున్నారన్న పాత ప్రశ్నే మళ్లీ లేచింది. డెబ్బయ్యో దశకం చివర హైమండార్ఫ్ తిరిగి వచ్చి తను ఎరిగిన తెగలన్నిటినీ చూసుకుని 1982లో ఒక పుస్తకం వేశాడు. నలభై ఏళ్ల కిందటి ఆశ అందులో లేదు. మనుగడ కోసం పోరాటం అని దాని పేరులోనే ఉంది.

అయితే ఆ నలభయ్యో దశకపు పని అంతా గాలికి పోలేదు. చట్టంలోకి ఎక్కినంత మేర నిలిచింది. 1356 ఫస్లీ, అంటే 1946లో నిజాం ప్రభుత్వం గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చింది. 1950 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వుతో అచ్చంపేట తాలూకాలోని అమ్రాబాద్ ప్రాంతపు పల్లెలు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చాయి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఆ రక్షణ దక్కింది ఈ ఒక్క తాలూకాకే. 1970లో బిగించిన భూ బదలాయింపు నిబంధన, అందరూ 1/70 అని పిలిచేది, ఇక్కడ వర్తించడానికి ఆధారం ఆ జాబితానే. ఆ జాబితా ఊరికే ఊడిపడలేదు. ఆ కొండ మీద ఎవరుంటున్నారో అంతకు పదేళ్ల ముందు ఎవరో తిరిగి రాసిపెట్టడం వల్ల వచ్చిందని నా గట్టి నమ్మకం. 2019లో యురేనియం తవ్వకాల భయం వచ్చినప్పుడు చెంచులు, అమ్రాబాద్ రైతులు, అచ్చంపేట దుకాణదారులు ఒక్కటై నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా తవ్వకాలు వద్దని తీర్మానించింది. కొండ మీద మనుషులు ఉన్నారు కాబట్టే అక్కడినుంచి గొంతు లేచింది.

ఇప్పుడు కోర్ ఏరియాలోని కొన్ని ఊళ్లను బయటికి తరలించే మాట నడుస్తోంది. ఇష్టపడి పోయేవాళ్లను ఆపే హక్కు నాకు లేదు. బడి, ఆసుపత్రి, రోడ్డు అందరికీ కావాలి. కాకపోతే 2006 అటవీ హక్కుల చట్టంలో ఆదిమ తెగలకు ఆవాస హక్కు అని ఒకటి ఉంది. వ్యవసాయం చేసుకునే పదెకరాల పట్టా కాదది. తెగ మొత్తం తరతరాలుగా తిరిగిన నేల మీద, దాని వాగుల మీద, గుట్టల మీద, దేవతల తావుల మీద సమష్టి హక్కు. లక్ష ఎకరాల చెంచు రిజర్వు వెనుక ఉన్న ఆలోచన ఇదే. అప్పుడు ఒక పరదేశి పెద్దల్ని బతిమాలి తెచ్చింది, ఇప్పుడు పార్లమెంటు చేసిన చట్టంలోనే ఉంది.

అచ్చంపేట, మన్ననూరు ఆఫీసుల్లో పనిచేస్తున్న యువ అధికారులకు నా విన్నపం ఒక్కటే. పెంటల హద్దులు నోటితో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, కానీ ఏటికేడు తగ్గిపోతున్నారు. గ్రామసభ కూర్చోబెట్టి, వాళ్ల వెంట నడిచి, ఆ హద్దులను మ్యాపు మీదికి ఎక్కించండి. పెన్సిల్‌తో వేసి వదిలేయకండి. ఆవాస హక్కు కింద దరఖాస్తుకు ఆ మ్యాపును జతచేసి, జిల్లా కమిటీ ముందు పెట్టండి. మీ పై అధికారి ఒప్పుకోకపోతే ఆయన్ని ఒక తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందికి తీసుకుపోండి. సంతకం పడ్డాక మాత్రం దానికో నంబరు వేయించి, నకలు పెంటవాళ్ల చేతిలో పెట్టండి.